బదులు మనిషి

మార్చి 4, 1948

అన్న వెళ్ళాడు. బాలయ్య వచ్చాడు. ఈ ఏటికి మార్పిడి అయిపోయింది.

మామ పొద్దున కృష్ణ గట్టు నుంచి తిరిగొచ్చాడు, బాలయ్యను వెంటబెట్టుకొని. మంద క్షేమంగా అవతల దిగిందట. మా ఇంటి గొర్రెలు, మామవి, ఇంకో నాలుగిళ్ళవి... అన్నీ కలిపి ఒకటే మంద. వెంట అన్న, మామ కొడుకు ఓబులేసు. ఇవతల నల్లమలలో గడ్డి మాడిపోయింది. నది దాటితే నిజాం రాజ్యం, అమ్రాబాదు మిట్ట. అక్కడ ఎండాకాలంలోనూ మేత ఉంటుంది. ఏరువాక పున్నమికి తిరిగి రావాలి.

మా మంద వాళ్ళ గడ్డి మీద ఉన్నంతకాలం వాళ్ళ మనిషి ఒకడు మా ఇంట్లో ఉండాలి. తాతల నాటి ఏర్పాటు. బదులు మనిషి అంటారు. అతనితో పని చేయించకూడదు. ఒంటరిగా ఊరి పొలిమేర దాటనివ్వకూడదు. ఇంట్లో మగవాళ్ళ కంటే ముందు అతనికి పెట్టాలి. మంద తిరిగొచ్చిన నాడు గట్టుకు తీసుకుపోయి అప్పజెప్పాలి. నిరుడు వచ్చింది బాలయ్య బావమరిది. మంచి మాటకారి. ఇతను మాట్లాడడు. వసారాలో కూర్చుని పొలాల వైపు చూస్తున్నాడు.

మందకు ఏమన్నా అయితే ఇతన్ని ఏం చేయాలి? మామను అడిగాను. "ఇంతవరకు ఏమీ కాలేదు గదరా" అన్నాడు. అది జవాబు కాదు. మందలన్నిటికీ పెద్ద, ఆయనకే తెలియదు.

మార్చి 8

పత్రిక రెండు రోజులు ఆలస్యం. మార్కాపురం నుంచి వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు దారిలో చతికిలబడిందట. బడి వదిలాక శెట్టి దుకాణం అరుగు మీద ఎప్పటిలాగే చదివి వినిపించాను. ఢిల్లీకీ హైదరాబాదుకూ నిరుడు కుదిరిన ఒప్పందం... ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. వాళ్ళ ఏజెంటు ఢిల్లీలో, మన ఏజెంటు హైదరాబాదులో.

శెట్టి అన్నాడు, అంటే బదులు మనుషులేగా అయ్యవారూ అని. అరుగంతా నవ్వు. నేనూ నవ్వాను. వాళ్ళ బదులు మనుషులకు బంగళాలు, మోటార్లు. మా బాలయ్యకు వసారా, సంకటి.

మార్చి 19

ఇంట్లో నెయ్యి అడుగంటింది. నా కంచంలో మజ్జిగ. బాలయ్య సంకటి గుంటలో మాత్రం నెయ్యి. చూశానంతే. వదినకు ఆ చూపు చాలు.

"ఈడ ఇతనికి ఏం పెడితే ఆడ మీ అన్నకు అదే పెడతారు అబ్బీ."

ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అక్కడి ఆడవాళ్ళకు ఇక్కడి నెయ్యి సంగతి ఎలా తెలుస్తుంది? తెలియదు. అయినా అంతే. వాదించడం దండగని ఊరుకున్నాను. తర్వాత బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే తోచింది. రాయబారులకు రాజ్యాలు చేసే మర్యాదలన్నీ ఈ నెయ్యి లాంటివే.

ఏప్రిల్ 10

ఉగాది. పచ్చడి మొదట బాలయ్యకే. చేదు ఎక్కువైందని ముఖం చిట్లించాడు. ఇంటికి వచ్చాక ఇతని ముఖంలో కదలిక చూడటం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 23

నైజాం వైపు పోయే సరుకు ఆపేస్తున్నారు. దోర్నాల దారిలో బండ్లు దింపి చూస్తున్నారట. శెట్టి ఏడుపు శెట్టిది. ఉప్పు బస్తాలు దుకాణంలోనే పడి చెమరుస్తున్నాయి.

తేనె అమ్ముకోవడానికి ఒక చెంచు వచ్చాడు. అన్న కబురు తెచ్చాడు. మేత బాగుంది, ఈనినవి బాగున్నాయి, పిల్లలు బాగున్నాయి. ఉప్పు పంపమన్నాడు. ఉప్పు నాకకపోతే జీవాలు పచ్చిక మీద మనసు పెట్టవు, చిక్కిపోతాయి. అవతల ఎక్కడా ఉప్పు దొరకడం లేదట, మనుషులకే లేదట.

ఒక మూట కట్టించి చెంచు చేతికి ఇద్దామనుకున్నాను. మామ వద్దన్నాడు. పట్టుబడితే చెంచు చిక్కుల్లో పడతాడు, మనమూ పడతాం, ఏరువాకకు నది దాటే అనుమతి కూడా పోతుంది. నిజమే. పంపలేదు.

ఉప్పు ఆపింది నిజాంను లొంగదీయడానికి. ప్రస్తుతానికి మా గొర్రెలు మాత్రం లొంగేలా ఉన్నాయి.

ఏప్రిల్ 28

మూడో తరగతిలో భూపటం పాఠం. ఒకడు లేచి అడిగాడు, మా గొర్రెలు పసుపులో ఉన్నాయా గులాబీలో ఉన్నాయా అని. పసుపులో, అన్నాను. ఆ నిజాం పసుపు ముక్కను మన గులాబీ నాలుగు వైపులా ఒరుసుకుంటూ ఉంది. మధ్యలో నది సన్నటి నల్ల గీత. గీసినవాడు ఆ నీళ్ళలో కాలు పెట్టి ఉండడు.

మే 16

బాలయ్య నోరు విప్పాడు. నాతో కాదు, వదినతో. భార్యకు నెలలు నిండుతున్నాయట, ఆషాఢంలో కానుపు. ఇద్దరు పోయాక ఇది మూడోది. ఏరువాకకు ఎట్లాగూ ఇంటికి పోతాను గదా అని ఈసారి బదులుకు తనే ఒప్పుకున్నాడట. బావమరిది రావాల్సింది. ఆయనకు కాలు బెణికింది.

ఇంతకాలం ఇతను ఎందుకు మాట్లాడడా అనుకున్నాను. అడిగినవాళ్ళు లేరు. బదులు మనిషిని ఇంటి సంగతులు అడగకూడదన్నది కూడా ఆచారమే. వదిన అడిగేసింది.

మే 28

దుకాణం దగ్గర కుర్రకారుకు బాలయ్య కంట్లో నలుసయ్యాడు. వసారాలో కూర్చుని దారి చూస్తాడట, పోయే లారీలు లెక్కపెడతాడట, గూఢచారట. లెక్కపెట్టి ఎవరికి చెబుతాడు, మా గేదెకా? అన్నాను. నవ్వారు గానీ నవ్వు చివరిదాకా పోలేదు.

కరణం దారిలో ఆపి అడిగాడు, మీ ఇంట్లో అవతలివాడు ఎవరో ఉన్నాడట. "మా చుట్టం" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. అసలు అబద్ధమేనా?

జూన్ 10

తొలకరి పడింది. మంచిదే, చెడ్డదే. ఇక నది ఆగదు.

అవతలి గట్టు మీద పుట్లన్నీ, ఆ బుట్ట పడవలన్నీ, తీయించేశారని చెంచు చెప్పాడు. ఇవతల కూడా కాపలా పెట్టి ఎవరినీ దాటనివ్వడం లేదు. మామ గట్టు దాకా నడిచిపోయి కాపలావాళ్ళ పెద్దను బతిమాలి వచ్చాడు. గొర్రెల కాపరులం, మా జీవాలు మాకు రావాలి, అంతే అని. ఆయన మంచివాడే. ఒక్క పుట్టి, ఒక్క పగలు, ఏరువాక పున్నమి నాడు అన్నాడట. మామ గెలిచినంత సంబరంగా చెబుతున్నాడు. అవతలికి కబురు పోయింది.

జూన్ 18

చర్చలు తెగిపోయాయట. పత్రికలో పెద్ద అక్షరాలు. ఇక వాళ్ళు ఏమీ కొత్తగా అడగరు, వీళ్ళు ఏమీ కొత్తగా ఇవ్వరు. ఎవరు ముందు తలవంచుతారా అని ఇద్దరూ చూస్తున్నారు.

రేపు తెల్లవారుతూనే గట్టుకు బయలుదేరాలి. వదిన బాలయ్యకు తల అంటింది, అతని పంచె ఉతికి పెట్టింది. పుట్టబోయే బిడ్డకు ఒక టోపీ కుట్టి ఇచ్చింది. అతను దాన్ని పిడికిట్లో పెట్టుకొని తిరుగుతున్నాడు.

జూన్ 24

తిరిగొచ్చాం. బాలయ్య కూడా మాతోనే తిరిగొచ్చాడు. వరసగా రాయాలి.

పున్నమి నాడు పొద్దెక్కేసరికి పాతాళగంగ మెట్లు దిగాం, మామ, నేను, బాలయ్య. పుట్టి నడిపేవాడు సిద్ధంగా ఉన్నాడు. నది ఇంకా సన్నగానే ఉంది కానీ నీళ్ళ రంగు మారింది, పైన ఎక్కడో వాన. అవతల రాళ్ళ మధ్య మంద కనిపించింది. అన్నను నడకను బట్టి గుర్తుపట్టాను. చెయ్యి ఊపాడు. చిక్కినట్టున్నాడు, లేక దూరం వల్లనో. పక్కన ఓబులేసు, బాలయ్య బావమరిది, వాళ్ళవాళ్ళు ఇంకొందరు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏటా రెండు గట్ల నుంచి రెండు పుట్లు ఒకేసారి కదులుతాయి. అటు నుంచి మందలో ముందు నడిచే పొట్టేలు, ఇటు నుంచి మనిషి. పొట్టేలు దాటితే మంద దాని వెనకే ఈదుకొస్తుంది. పుట్లు నడినీళ్ళలో ఎదురవుతాయి. ఎవరు ముందన్న మాటే రాదు. ఇప్పుడు పుట్టి ఒకటే. మా ఆచారం ప్రకారం పొట్టేలు అవతలి గట్టు వదిలేదాకా బదులు మనిషి నీళ్ళు తాకకూడదు. వాళ్ళ ఆచారం ప్రకారం మనిషి ఇవతలి గట్టు వదిలేదాకా పొట్టేలు నీళ్ళు తాకకూడదు. తాతల నాటి నుంచి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం తగలకుండా నడిచాయి, రెండో పుట్టి ఉండబట్టి. ఒక్క పుట్టి అంటే ఏమిటో అనుమతి తెచ్చుకున్ననాడు మాలో ఎవరికీ తట్టలేదు. మామకూ తట్టలేదు. నాకూ.

ఆ లోయలో గొంతులు బాగా వినిపిస్తాయి. బావమరిది అరిచాడు, బాలయ్యను పంపండి, అదే పుట్టిలో పొట్టేలును ఎక్కిస్తాం అని. ముందు పొట్టేలు, అని మామ. మీరే ముందు, అని వాళ్ళు. అటూ ఇటూ అదే మాట. కాపలా జవాను మొదట నవ్వుకున్నాడు, తర్వాత విసుక్కున్నాడు.

మామ నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నోడివి. ఏం చేద్దామో నువ్వు చెప్పు."

ఇన్ని నెలలు పత్రికలో చదివిందే చెప్పాను. చేతిలో ఉన్నదాన్ని ముందు వదులుకుంటే తర్వాత మాట్లాడటానికి ఏమీ మిగలదని. పుట్టిని ఖాళీగా పంపుదాం, మన మంచితనం చూసి వాళ్ళే ఎక్కిస్తారు అన్నాను. ఆ నిమిషంలో నాకు నేనే గొప్పగా తోచాను.

పుట్టి ఖాళీగా పోయింది. ఖాళీగా వచ్చింది.

అన్న నీళ్ళ అంచుకు వచ్చి నిలబడ్డాడు. "ఆయన్ను పంపరా తమ్ముడా. ఈ మనుషులు నాకు తెలుసు. నేను చూసుకుంటా."

స్పష్టంగా విన్నాను. మామ కూడా విన్నాడు. "మీ అన్న మెత్తనోడు. ఆడ నా కొడుకు కూడా ఉన్నాడు" అన్నాడు. బాలయ్య మెట్టు మీద మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఎవరినీ అడగలేదు. పుట్టి అతనికి నాలుగడుగుల్లో ఉంది, దూకితే ఎవరూ పట్టుకోలేరు. కదలలేదు.

నేను పంపలేదు.

పొద్దు వాలగానే జవాను పుట్టిని గొలుసుతో కట్టేశాడు. తెల్లవారేసరికి నీళ్ళు కొన్ని మెట్లు మింగేశాయి. అవతల మంద లేదు.

జూన్ 25

వదిన బాలయ్యకు సంకటి పెట్టింది, నెయ్యి వేసింది. నా కంచం నేనే తెచ్చుకున్నాను.

జూలై 3

ఇద్దరూ అవతలివాడే ముందు ఒప్పుకోవాలంటున్నారు. ఢిల్లీవాళ్ళూ, హైదరాబాదువాళ్ళూ. పత్రిక సగం చదివి ఆపేశాను. గొంతు బాగాలేదని చెప్పాను. మిగతాది శెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

జూలై 11

కృష్ణ నిండుగా పోతోందట. దసరా దాటేదాకా పుట్టి వేయలేరు. ఇక అనుమతులు ఉన్నా లేకపోయినా ఒకటే.

జూలై 24

ఆషాఢం సగం దాటింది. కానుపు అయి ఉంటుందని బాలయ్య లెక్క. ఏ బిడ్డో, ఎలా ఉందో. వదిన కాయం దంచి ముద్దలు చేసింది. ఎవరికి వదినా అంటే పక్కింటి బాలింతకు పెట్టి వచ్చింది. ఇక్కడ ఒక బాలింత తింటే అక్కడ బాలయ్య పెళ్ళానికి పెట్టే దిక్కు ఉంటుందట.

ఇప్పుడు నేను నవ్వడం లేదు. వాదించడమూ లేదు.

బాలయ్య పని అడుగుతున్నాడు. ఊరికే కూర్చోలేకపోతున్నానని. ఆచారం ఒప్పదని మామ. దొంగచాటుగా మా కంచె కడుతున్నాడు. చూసీ చూడనట్టు పోతున్నాను.

ఆగస్టు 15

బడిలో జెండా. పిల్లలకు బొరుగులు, బెల్లం. ఏడాది అయింది. ప్రసంగం చేశాను. స్వేచ్ఛ గురించి చెబుతుండగా గోడ అవతల బాలయ్య మా అన్న పిల్లలను తీసుకుపోవడానికి వచ్చి నిలబడ్డాడు. ప్రసంగం తొందరగా ముగించాను.

ఆగస్టు 29

హైదరాబాదువాళ్ళు తగవును సముద్రాల అవతలి సభకు తీసుకుపోయారట, అన్ని దేశాలూ కూర్చునే చోటికి. అక్కడ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళెవరూ కృష్ణ పేరు విని ఉండరు. దుకాణంలో ఇది చదివి వినిపించాను. ఎవరికీ అర్థం కాలేదు గానీ అందరికీ కోపం వచ్చింది.

ఆ కోపం సాయంత్రానికి మా ఇంటికి వచ్చింది. బాలయ్య చేదబావి దగ్గర ఉండగా ఎవరో రాయి విసిరారు. కనుబొమ్మ పగిలింది. వసారా అంతా రక్తం. నేను పసుపు అద్దుతుంటే అతను ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అంటున్నాడు. వదిన గడప మీద కూలబడి ఏడ్చింది. అన్న మందతో వెళ్ళినప్పటి నుంచి ఆమె ఏడవడం చూడలేదు. బాలయ్య కోసం అనుకొని ఓదార్చబోయాను.

"ఈ యాళకు ఆడ మీ అన్నకు కూడా తగిలి ఉంటది అబ్బీ."

ఏం చెప్పను? కాదని చెప్పాలి. నేను కూడా అదే అనుకుంటున్నాను. చదువుకున్నవాణ్ణి, నేను కూడా. రాయి విసిరినవాడు దొరికితే వాడి ఎముకలు విరిచేవాణ్ణి, ఎవరి కోసమో నాకే తెలియదు.

సెప్టెంబరు 7

వినాయక చవితి. పిల్లలు పత్రికి పోయారు, బాలయ్య తోడు పోలేదు. రాయి తర్వాత అతను వసారా దిగడం లేదు.

సెప్టెంబరు 14

సైన్యం కదిలింది. మార్కాపురంలో పలకల వర్తకుడి ఇంట రేడియో విన్నవాళ్ళు బస్సులో కబురు తెచ్చారు. నాలుగు దిక్కుల నుంచీ పోతోందట. ఎటు వైపు ఎక్కడి దాకా పోయిందో ఎవరికీ సరిగా తెలియదు, అందరూ చెబుతున్నారు.

బాలయ్యకు ఎలా చెప్పాలి? చెప్పాను. "ఓహో" అన్నాడు. గొర్రెలు తుపాకి చప్పుడుకు బెదిరితే చెదిరిపోతాయి, దగ్గరికి చేరడానికి చాలా రోజులు పడుతుంది అన్నాడు.

సెప్టెంబరు 18

అయిపోయింది. హైదరాబాదు లొంగిపోయింది. ఇన్ని నెలల మాటలు, రాకపోకలు, అలకలు... వారం కూడా పట్టలేదు.

శెట్టి బెల్లం పంచాడు. కుర్రకారు ఊరేగింపు తీసింది. మా ఇంటి ముందు ఆగి బాలయ్యను వసారాలోంచి లాగారు, చేతిలో బెల్లం ముక్క పెట్టారు, ఇక నువ్వూ మావాడివే అన్నారు. వాళ్ళలో రాయి విసిరినవాడు ఉండే ఉంటాడు. బాలయ్య బెల్లం తీసుకున్నాడు. మా పిల్లలకు ఇచ్చేశాడు.

సెప్టెంబరు 20

అతనికి చెప్పాను. ఇక హద్దు లేదు, కాపలా లేదు, అటూ ఇటూ ఒకటే ప్రభుత్వం, నీళ్ళు తగ్గగానే నీ దారిన నువ్వు పోవచ్చు అని. సంతోషపడతాడనుకున్నాను.

"మంద ఒచ్చిందా అయ్యోరా?"

రాలేదన్నాను.

"మరి నేనెట్ల పోత? హద్దు మీ దొరలు పెట్టిన్రు, మీ దొరలే తీసిన్రు. నేను కూసున్నది మంద కోసం."

బిడ్డను చూసుకోవా అని అడిగాను. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

సెప్టెంబరు 27

కబురు లేదు.

అక్టోబరు 5

చెంచు వచ్చాడు, వానల తర్వాత మొదటిసారి. మిట్ట మీద ఊళ్ళు కొన్ని ఖాళీగా ఉన్నాయట. గడబిడ రోజుల్లో జనం అడవిలోకి పోయారు, కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మా మంద? గొర్రెలు కనిపించాయన్నాడు, చెవికి మా గంటు ఉన్నవే, ఒక వాగులో. మనుషులు? మనుషులు కనిపించలేదు.

రెండోసారి అడిగాను. అదే చెప్పాడు.

వదిన వింటూ ఉంది. లోపలికి పోయి పొయ్యి రాజేసింది. బాలయ్య నిలబడే ఉన్నాడు, చెంచు చెప్పిన ఊళ్ళలో తన ఊరి పేరు కూడా ఉంది.

అక్టోబరు 6

మామ వచ్చాడు. కొడుకు గురించి ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. మంచం మీద కూర్చుని బాలయ్యనే చూస్తూ అన్నాడు, వీణ్ణి ఏం చేయాలో ఇప్పుడు ఆలోచించాలని. ముందు దొడ్లో పెట్టి గడియ వేయాలట. పారిపోతాడని.

మార్చిలో నేను అడిగిన ప్రశ్న. జవాబు ఎవరికీ తెలియదని అప్పుడు హాస్యంగా ఉండింది. ఇప్పుడు ఆ జవాబును ఆయన చేతులు వెతుకుతున్నాయి, చేతికర్రను నిమురుతూ.

గడియ వేయనన్నాను. నా ఇల్లు ఇది. ఈ మనిషి నా వసారాలో ఉంటాడు. మామకు ఎదురు చెప్పడం పుట్టాక ఇదే మొదలు. చదువుకున్న తెలివికి అన్నను బలిపెట్టినవాడివి నువ్వు మాట్లాడకు, అన్నాడాయన. అయినా గడియ వేయనివ్వలేదు.

"గట్టుకు పోదాం" అంది వదిన, గడప దగ్గరి నుంచే. "నీళ్ళు తీసినాక."

అక్టోబరు 13

దసరా. ఇంట్లో ఏమీ చేయలేదు. బాలయ్యకు మాత్రం వదిన పెట్టింది.

అక్టోబరు 21, గట్టు మీద, సత్రంలో

మెట్లు తేలాయి. నీళ్ళు ఇంకా పెద్దవే కానీ పుట్టి ఆగుతుంది. కాపలా పోయింది. గొలుసు ఒడ్డున తుప్పు పట్టి పడి ఉంది. పిల్లలను మామ ఇంట్లో వదిలి వచ్చాం. మామ రానన్నాడు. వీణ్ణి వదిలితే నువ్వు మళ్ళీ ఊళ్ళోకి రావద్దని మాత్రం చెప్పి పంపాడు.

పొద్దున పుట్టి తేవడానికి మనిషిని పిలిపించాను. అవతల గట్టు మీద ఎవరూ లేరు. రాళ్ళే. కేకేశాను, కొండ తిరిగి కేకేసింది. ఏం చేయాలో తోచలేదు. ఇవ్వడానికి మనిషి ఉన్నాడు, తీసుకోవడానికి అవతల ఎవరూ లేరు. తాను పోయి వెతికి మంద తోలుకొస్తానన్నాడు బాలయ్య, మొదటిసారి తన నోటితో తాను. పో అనలేకపోయాను. జూన్‌లో కూడా పంపనివాణ్ణే. తిరిగి రాకపోతే? బిడ్డను చూశాక ఎవడు తిరిగి వస్తాడు? నేనైతే రాను. ఆ మాట పైకే అనేశాను. సిగ్గుగా ఉంది.

వదిన చీర కొంగు బిగించి మెట్లు దిగింది. పుట్టి అంచు పట్టుకుంది. నువ్వెక్కడికి అన్నాను.

"ఆ పొద్దు ఎవరు ముందు, ఎవరు ముందు అని చూసినారు గదా. ఇప్పుడు ఇద్దరం ఒక్కసారే పోతాం."

ఆడమనిషివి, దారి తెలియదు, అవతల ఎలా ఉందో తెలియదు... అన్నీ అన్నాను. వింటూనే ఎక్కి కూర్చుంది. దారి ఇతనికి తెలుసు, నా మనిషి మొగం నాకు తెలుసు అంది. బాలయ్య నా వైపు చూశాడు. తల ఊపాను. అంతకంటే నేను చేసింది ఏమీ లేదు. అతను నీళ్ళలో కాలు పెట్టాడు, పుట్టిని తోశాడు, ఎక్కాడు.

నడినీళ్ళలో పుట్టి రెండు చుట్లు తిరిగింది. తర్వాత సర్దుకుంది. అవతల దిగారు. తిరిగొస్తానన్న గుర్తుగా వదిన చెయ్యి ఎత్తలేదు, వెనక్కి కూడా చూడలేదు. అతను ముందు, ఆమె వెనక, మిట్ట ఎక్కే దారిలో పొదల్లోకి పోయారు. పుట్టివాణ్ణి వాళ్ళు తిరిగొచ్చేదాకా అక్కడే ఉండమన్నారు కాబోలు, రాళ్ళ మీద పడుకున్నాడు.

మధ్యాహ్నం అయింది. మంద గంటల చప్పుడు విన్నట్టు రెండుసార్లు లేచాను. ఏమీ లేదు. భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందనుకున్నాను.

పుట్టి అవతలే ఉంది. అన్న అటే, ఓబులేసు అటే, వదిన అటే. ఇప్పుడు బదులుగా మా దగ్గర ఎవరూ లేరు.